రూపెర్తో మొక్కు

రెండు కిలోల అల్లం చెక్కు తీసేసరికి ఫినా వేళ్ళు మండడం మానేసి మొద్దుబారిపోయాయి. ఇంకో కిలో ఉంది. గోళ్ళ కింద దూరిన అల్లం ఘాటు మూడు రోజుల దాకా వదలదు. ఈలోగా మర్చిపోయి కళ్ళు నులుముకుందంటే ఇక అంతే. ప్రతి ఏడూ ఈస్టరు ముందు వచ్చే పవిత్ర వారంలో మంగళవారం మధ్యాహ్నం ఆమె ఇలాగే పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. ప్రతి ఏడూ అత్తగారు కోన్సొలాసియోన్, తోటివాళ్ళకి సియోన్, కర్ర పొడుచుకుంటూ వచ్చి చెక్కుల బుట్టలోకి తొంగి చూస్తుంది.

"అంత మందంగా తీస్తావేం అమ్మాయ్? సగం అల్లం పందికే పోతోంది. నేనైతే చెంచాతో గీకేదాన్ని."

పంతొమ్మిదేళ్ళుగా అదే మాట. మొదటి ఏడు ఫినా చాటుకెళ్ళి ఏడ్చింది. ఐదో ఏడు పట్టుదలగా చెంచాతో గీకింది, పొద్దుపోయినా తెమల్లేదు. ఇప్పుడు "ఊఁ" అని ఊరుకుంటుంది. ఆ "ఊఁ"లో ఎన్ని జవాబులు మింగేసిందో లెక్కపెడితే వాటితో ఒక పుస్తకమే అవుతుంది.

రేపు తెల్లవారుతూనే వాళ్ళింట్లో పబాసా. ఇంటి ముందు వెదురు పందిరి వేసి, కొబ్బరాకులు కట్టి, బల్ల మీద సిలువ మోస్తున్న ప్రభువు విగ్రహాన్ని ఊదారంగు వస్త్రంతో నిలబెడతారు. ఆయన పడిన శ్రమల కథ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మైకులో పాడాలి. ఒక పక్క వాళ్ళు ఒక చరణం, ఎదుటి పక్క వాళ్ళు ఒక చరణం. బుధవారం తెల్లవారి మొదలుపెడితే గురువారం పొద్దెక్కేదాకా గొంతు ఆగకూడదు. ఆగిందా, మొక్కు చెడినట్టే. పుస్తకం ముందు కూర్చున్న మనిషి తనంతట తాను ఇంకొకళ్ళకి చోటిచ్చేదాకా లేవకూడదు, పాట తప్ప వేరే మాట నోట రాకూడదు, ఆ మనిషిని ఎవరూ పిలవనూ కూడదు. ఈ నియమాలు ఊళ్ళో ఎవరింట్లోనైనా ఉన్నవే గానీ అత్తగారింట్లో ఉన్నంత గట్టిగా ఇంకెక్కడా లేవు. ఒకసారి ఒక పెద్దాయన కుర్చీలోంచే "కాస్త కాఫీ ఇప్పించండమ్మా" అన్నాడని ఆవిడ మళ్ళీ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు.

పాడేవాళ్ళకి, వినేవాళ్ళకి, దారిన పోతూ ఆగినవాళ్ళకి అందరికీ తిండి పెట్టాలి. గొంతులకి అల్లం కషాయం, పొద్దున గంజి, మధ్యాహ్నం చేపలూ అన్నం, సాయంత్రం కొబ్బరిపాలలో ఉడికించిన ఉండ్రాళ్ళు, ఆ తర్వాత పాన్సిట్ నూడుల్స్, మళ్ళీ కాఫీ, మళ్ళీ కషాయం. నూట యాభై మందికి తక్కువ కాకుండా. ఈ మూడు రోజుల కోసం ఫినా తను పనిచేసే ఆరోగ్యకేంద్రంలో సెలవు అడిగితే డాక్టరు గారు ఏటా నవ్వుతాడు. "నీకేం ఫినా, మూడు రోజులు పండగ! వెళ్ళే ముందు ఆ కాఫీ ఒకటి పెట్టి వెళ్ళు, నీ చెయ్యి పడితే గానీ రుచి రాదు." ఆమె ఉద్యోగం పసిపిల్లల్ని తూచడం, టీకాల పుస్తకం రాయడం. కాఫీ సంగతి ఉద్యోగ పత్రంలో ఎక్కడా లేదు. కానీ పెట్టనంటే మర్యాద కాదు కదా!

మొక్కు సంగతి ఊరందరికీ తెలుసు. నలభై రెండేళ్ళ కింద నాలుగేళ్ళ రూపెర్తోకి తట్టు పోసి, జ్వరం తలకెక్కి, కళ్ళు తేలేశాడు. అత్తగారు ఈ విగ్రహం ముందు మోకాళ్ళ మీద పడి, ఊదారంగు వస్త్రం అంచు పట్టుకుని, బిడ్డ బతికితే ఏటా పబాసా పెట్టిస్తాననీ, తన తర్వాత కూడా ఇంట్లో ఎవరో ఒకరు మోస్తారనీ మొక్కుకుంది. బిడ్డ బతికాడు. ఇరవై మూడేళ్ళు ఆవిడ వండింది. తర్వాత కోడలొచ్చింది, పంతొమ్మిదేళ్ళుగా కోడలు వండుతోంది. ఊళ్ళో దాన్ని "రూపెర్తో మొక్కు" అంటారు. ఆ రెండు రోజులూ రూపెర్తో ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని "తిన్నారా? తినకుండా వెళ్తే ఒప్పుకోను" అని పలకరిస్తాడు. ఎంత భక్తి, ఎంత మర్యాద అని అందరూ మెచ్చుకుంటారు. నిజానికి చెడ్డవాడేం కాదు. జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి తోలుతాడు, తాగి ఇంటికి రాడు, ముసలివాళ్ళు మెల్లగా ఎక్కి దిగేదాకా ఆగుతాడు. పుట్టినరోజుల్లో కరావోకే మైకు చేతికందితే మాత్రం వదలడు. మరి పబాసాలో పాడవయ్యా అంటే, "ఆ పాత మాటలు నాకు నోరు తిరగవు" అంటాడు.

తమాషా ఏమిటంటే, ఫినాని అతను మొదట చూడలేదు, విన్నాడు. సరస్సు అవతలి ఊళ్ళో అమ్మమ్మ పక్కన కూర్చుని పదకొండో ఏట నుంచి పాడుతుండేది ఆమె. ఒక పవిత్ర వారంలో ఆ దారిన జీప్నీ తోలుకుంటూ పోతున్న రూపెర్తో లౌడ్‌స్పీకర్‌లో ఆ గొంతు విని బండి ఆపేశాడు. ఆరుగురు ప్రయాణికులు తిట్టినా కదల్లేదట. పెళ్ళిలో ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాడు. ఆ గొంతు ఇంటికొచ్చాక అల్లం కడగడానికి కుదిరింది. మొదటి ఏడు ఆమె ఆశగా కుర్చీల వైపు వెళ్ళబోతే అత్తగారు మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇంటి కోడలివి నువ్వు కూర్చుంటే వచ్చినవాళ్ళకి ఎవరు పెడతారు? జనం ఏమనుకుంటారు? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఒకసారి ఫాదర్ గారు ప్రసంగంలో, ప్రభువు ఇంటికొస్తే వంటింట్లో సతమతమైన అక్కకన్నా ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్న చెల్లెలే మంచి పని చేసిందని చెప్పాడు. దారిలో అత్తగారు పెదవి విరిచింది. "కూర్చుంది, బాగానే ఉంది. ఆ పూట అందరూ ఏం తిన్నారో రాశారా?" ఫినాకి నవ్వొచ్చింది, అంతలోనే గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఎందుకంటే ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆ మంగళవారం సాయంత్రం గ్లాసులు కడుగుతుంటే కూతురు ఆల్తియా వచ్చి తుడవడానికి కూర్చుంది. పదిహేడేళ్ళు నిండాయి. గొంతు అచ్చం తల్లిదే.

"అమ్మా, గురువారం ఆఖర్న నాచేత ప్రభువు వస్త్రం పట్టిస్తానంటోంది నానమ్మ. నిజమేనా?"

"అంటోంది. ఆవిడకి మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. తను ఉండగానే మొక్కు ఎవరికో ఒకరికి అప్పజెప్పాలని."

"పట్టుకుంటే ఇక నాదేనా? బతికినన్నాళ్ళూ?"

"మొక్కు కదమ్మా."

ఆల్తియా ఒకే గ్లాసుని తిప్పి తిప్పి తుడిచింది. "నాకు ప్రభువు మీద కోపం లేదమ్మా. పాడమంటే పాడతాను. కానీ జ్వరం వచ్చింది నాన్నకి. బతికింది నాన్న. మరి నేనెందుకు మొయ్యాలి?"

"మెల్లగా! నానమ్మ వింటుంది" అంది ఫినా.

అనేసి సిగ్గుపడిపోయింది. పిల్ల అంత మాట అడిగితే తల్లికి దొరికిన జవాబు అదా? పడుకున్నా ఆ ప్రశ్న వదల్లేదు. పంతొమ్మిదేళ్ళలో తనకెందుకు తోచలేదు? ప్రభువుకిచ్చిన మాట అనుకుని చేసింది. అందులో ఆయన అడిగిందెంత, ఊరు అడిగిందెంత? నూట యాభై మందికి వండమని ఆయన అడిగాడా? ఇంటి ఆడది కనబడకూడదని ఆయన అన్నాడా? ఆయన శిష్యుల కాళ్ళు కడిగాడు. దాని గుర్తుగా గురువారం సాయంత్రం గుడిలో పన్నెండు మంది మగవాళ్ళని కూర్చోబెట్టి ఫాదర్ గారు కాళ్ళు కడుగుతారు. ఆ పన్నెండు మందిలో రూపెర్తో ఏటా ఉంటాడు. ఫాదర్ గారు పట్టుకోబోయే కాళ్ళు మురికిగా ఉంటే బాగోదని గురువారం మధ్యాహ్నం పెరట్లో రాయి పెట్టి వాటిని రుద్ది కడిగేది ఫినా. కడిగిన కాళ్ళనే మళ్ళీ కడిగి, ఫాదర్ గారు అందరి ముందూ వినయానికి గుర్తుగా ముద్దుపెట్టుకుంటారు. తనకి ఫాదర్ గారి మీద కోపం లేదు. ఆ రాయి మీద మాత్రం వచ్చింది. నా కూతురి చేతికి ఈ అల్లం, ఈ రాయి రాకూడదు అనుకుంది. ఎలాగో మాత్రం తెలియలేదు. అత్తగారికి ఎదురు చెప్పడం ఆమెకి చేతకాదు, నేర్పనూ లేదు ఎవరూ.

బుధవారం తెల్లవారి పాట మొదలైంది. గంజి అయింది, చేపలు అయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి ఎండ నిప్పులు చెరుగుతోంది. తిన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఒరిగారు. చింతచెట్టు కింద జీప్నీ డ్రైవర్లు పేకాడుతున్నారు. సాయంత్రం పాడాల్సిన జట్టు ఇంకా రాలేదు. పందిట్లో ఒక పక్క ఇద్దరు ముసలివాళ్ళు, ఎదుటి పక్క పూరింగ్ పిన్ని ఒక్కత్తే మిగిలారు. ఊళ్ళో పబాసాలన్నిటికీ పెద్ద గొంతు పూరింగ్ పిన్ని. ఆ గొంతు పొద్దుటి నుంచి పాడి పాడి జీరబోయింది. ఫినా ఉండ్రాళ్ళు కలుపుతూ చెవి అటే వేసి ఉంచింది. ఒక చరణం మధ్యలో దగ్గు. మళ్ళీ అందుకుంది. మళ్ళీ దగ్గు. తర్వాత లౌడ్‌స్పీకర్‌లో గరగర తప్ప ఏమీ లేదు.

ఫినా గరిటె పడేసి, కషాయం గ్లాసు పట్టుకుని పరిగెత్తింది. గ్లాసు అందించబోతే పూరింగ్ పిన్ని గ్లాసు తీసుకోలేదు, మణికట్టు పట్టుకుంది. తను లేచి, ఆమెని లాగి తన కుర్చీలో పడేసి, వేలితో పుస్తకంలో చరణం చూపించింది. ఆలోచించే వ్యవధి లేదు. ఫినా నోరు తెరిచింది.

మొదటి పాదం గరుకుగా వచ్చింది. రెండోది సర్దుకుంది. మూడో పాదానికి తన గొంతు లౌడ్‌స్పీకర్‌లోంచి తనకే వినబడి ఒళ్ళు జలదరించింది. ఇదెవరు? ఇన్నేళ్ళూ ఎక్కడుంది ఇది? కళ్ళు పుస్తకం మీద ఉన్నాయి గానీ చదవాల్సిన పని లేకపోయింది. వంటింటి గోడ అవతల నుంచి పంతొమ్మిదిసార్లు విన్న కథ, కషాయంతో పాటు లోపలికి ఇంకిపోయింది. సంతోషంతో ఏడుపొస్తే పాట చెడుతుందని బిగబట్టుకుంది. నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. పక్కింటివాళ్ళు కిటికీలు తీశారు. గేటు దగ్గర రూపెర్తో, బండి ఆపేసిన నాటి మొహంతో నిలబడిపోయాడు.

పావుగంటకి సాయంత్రపు జట్టు వచ్చింది. "లేమ్మా ఫినా, మేమొచ్చేశాం, పొయ్యి చూసుకో" అంటూ ఒకామె వెనక నిలబడింది. లేవాలి. లేవడమే అలవాటు. ఫినా కాళ్ళు నేలకి నొక్కి, పుస్తకం మీద అరచెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపింది.

అరుగు మీద అత్తగారు ప్రత్యక్షమైంది. "ఫినా! ఉండ్రాళ్ళు అడుగంటుతున్నాయి!"

ఫినా పాడుతోంది.

"నిన్నే! వినబడటం లేదూ?"

"పుస్తకం ముందున్న మనిషిని పిలవకూడదు సియోన్" అంది పూరింగ్ పిన్ని, కషాయం చప్పరిస్తూ. "నీ ఇంటి నియమమే."

రూపెర్తో ఇటు తల్లినీ అటు భార్యనీ చూశాడు. ఆల్తియా వంటింటి వైపు కదలబోతే, ఫినా పాట ఆపకుండానే కూతురి చెయ్యి పట్టుకుని పక్క కుర్చీ చూపించింది. ఆల్తియా కూర్చుంది. లోపలి నుంచి మాడు వాసన వస్తోంది. ఇంకెవరూ మిగల్లేదు. రూపెర్తో చొక్కా చేతులు మడుచుకుని లోపలికెళ్ళాడు.

అయిదు నిమిషాలకి గరిటెతో సహా పందిట్లోకొచ్చాడు. "ఫినా, బెల్లం ఎక్కడ?"

పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఉంటున్న మనిషికి బెల్లం ఎక్కడుంటుందో తెలియదు. చెప్పకపోతే నూట యాభై మందికి చప్పటి ఉండ్రాళ్ళు. చెబితే నియమం తప్పుతుంది. ఫినా వంతు చరణం వచ్చింది. ఆమె ఊపిరి తీసుకుని, రాగం ఎక్కడా జారకుండా, మైకులో పాడింది: "పైన ఉన్న అరలోనా, ఎర్ర డబ్బా వెనకాలా..."

ఎదుటి పక్క ముసలివాళ్ళు అలవాటు కొద్దీ తర్వాతి చరణం అందుకున్నారు. పందిరి మొత్తం పొట్ట పట్టుకుని నవ్వింది. వీధి చివర దుకాణంలో కూడా విన్నారట. అత్తగారు గబగబా సిలువ గుర్తు వేసుకుంది. "ప్రభువుకి తియ్యదనం తెలియదనుకున్నావా సియోన్?" అంది పూరింగ్ పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

రూపెర్తో పేకాటలోంచి ఇద్దరు డ్రైవర్లని లాక్కొచ్చాడు. ఉండ్రాళ్ళు ఒక పక్క మాడి, ఒక పక్క పిండి పిండిగా తయారయ్యాయి. పాన్సిట్ ముద్దయింది. అయినా ఒక్క గిన్నె మిగల్లేదు. ఫినా చీకటి పడేవేళ చోటిచ్చి, భర్త చేతి ముద్దపాన్సిట్ తిని, ఎన్నో ఏళ్ళ తర్వాత పబాసా రాత్రి కంటినిండా నిద్రపోయింది.

గురువారం ఎండ పైకొచ్చేసరికి నాలుగు పేజీలు మిగిలాయి. అత్తగారు కొత్త గౌను వేసుకుని, విగ్రహం పక్కన నిలబడి ఆల్తియాని పిలిచింది. "రా తల్లీ. ప్రభువు వస్త్రం పట్టుకో."

ఆల్తియా తల్లి వైపు చూసింది. ఫినా పక్కామెకి చోటిచ్చి పుస్తకం ముందు నుంచి లేచింది. ఎదురు చెప్పడం చేతకాని గొంతు ఆమెది. కానీ నిన్న అదే గొంతు మూడు గంటలు నిలబడింది.

"అత్తయ్యా, ఒక్క మాట. ఎవరి ప్రాణానికి మొక్కారు మీరు?"

"తెలియనట్టు అడుగుతావేం? నా బిడ్డ ప్రాణానికి."

"ఆ బిడ్డకి నలభై ఆరేళ్ళొచ్చాయి. వంటింట్లో ఉన్నాడు. వస్త్రం ఎవరు పట్టుకోవాలో మీరే చెప్పండి."

రెండు పక్కల వాళ్ళూ పాడుతూనే చెవులు ఇటు పడేశారు. అత్తగారు గొంతు తగ్గించింది. "మగాడు పొయ్యి దగ్గర... ఊరు నవ్వదూ?"

"నిన్న నవ్వింది కదా అత్తయ్యా. నవ్వి, తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళింది." ఫినా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మొక్కు మానేద్దామనడం లేదు. నేను పాడతాను, ఏటా పాడతాను. ఆల్తియాకి ఇష్టమైతే అదీ పాడుతుంది. కానీ మొక్కు రూపెర్తోది. ఊరంతా అలాగే అంటోంది కదా."

రూపెర్తో గుమ్మంలో నిలబడి విన్నాడు. బొటనవేలికి కాలిన చోట గుడ్డ కట్టుకుని ఉన్నాడు. "నన్నెవరూ ఎప్పుడూ అడగలేదే" అన్నాడు, కొంచెం ఉక్రోషంగా.

"నన్నూ ఎవరూ అడగలేదు" అంది ఫినా.

అతను కిందికి చూశాడు. మసి అంటిన కాళ్ళు; వాటిని ఈ ఏడు ఎవరూ రుద్దబోవడం లేదని కూడా అప్పుడే తెలిసినట్టుంది. మెల్లగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఊదారంగు వస్త్రం అంచు పట్టుకున్నాడు. తన నాలుగేళ్ళప్పుడు తల్లి తన కోసం పట్టుకున్న అంచు. తల్లి చేతిని అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఆ నుదురు నిప్పులా కాలిన రోజు గుర్తొచ్చిందేమో, ఆవిడ అరచెయ్యి తిప్పి వేడి చూసింది. తర్వాత అతను లేచి, "అన్నం ఎసరు పెట్టాలి" అని లోపలికెళ్ళాడు.

అత్తగారు కర్ర మీద ఆనుకుని దిక్కుతోచనట్టు చూసింది. "మరి నేనేం చెయ్యను?"

ఫినా పుస్తకం ముందు పక్కపక్కనే రెండు కుర్చీలు లాగింది. "ఇంకా రెండు మూడు పేజీలున్నాయి. రండి."

"కళ్ళజోడు తెచ్చుకోలేదే."

"పర్లేదు, రండి."

నలభై రెండు పబాసాలు జరిపించిన మనిషి మొదటిసారి పుస్తకం ముందు కూర్చుంది, ఎవరో వచ్చి లేపేస్తారన్నట్టు కుర్చీ అంచు మీద. చరణం వచ్చింది. ఫినా అక్షరాల కింద వేలు పెట్టి చూపించబోయింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. ముసలి గొంతు వణుకుతూనే లేచింది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క పదం జారలేదు. ఫినా వేలు పుస్తకం మీద ఆగిపోయింది. ఈవిడ కూడా గోడ అవతల నుంచే నేర్చుకుంది. ఇన్నేళ్ళూ ఒకే వంటింట్లో ఉండి, ఒకరి గొంతు ఒకరికి తెలియదు.

"అమ్మా! ఎసరు ఎంత పొయ్యాలి?" లోపలి నుంచి రూపెర్తో కేక.

కోన్సొలాసియోన్ కళ్ళు తెరవలేదు. మైకు దగ్గరికి కొంచెం వంగి, రాగం ఎక్కడా చెడకుండా, ఊరంతా వినేలా పాడింది: "వేలు పెట్టి చూడు నాయనా, మొదటి కణుపు దాకా..."